బొరియల చరిత్ర: కరీంనగర్, ఆదిలాబాద్ నేలల్లో పొలం ఎలుకలు

కరీంనగర్, ఆదిలాబాద్ ఉమ్మడి జిల్లాల పొలాల్లో బొరియలు తవ్వుకొని బతికే ఎలుకలు ముఖ్యంగా నాలుగు రకాలు. జెర్బిల్ ఎలుక మెట్ట చేలల్లో, బీడు భూముల్లో ఉంటుంది. పెద్ద కళ్లు, పొడవైన వెనుక కాళ్లు, తోక చివర కుచ్చు దాని గుర్తులు. మెత్తబొచ్చు ఎలుక రేగడి చేల పగుళ్లలో, పొదల మొదళ్లలో చిన్నపాటి బొక్క చేసుకొని జంటగానో నాలుగైదు కలిసో కాపురం ఉంటుంది. పొలం చిట్టెలుక గట్ల మీద బొటనవేలు దూరేంత రంధ్రం తవ్వి, తీసిన మట్టిని చిన్న ఉండలుగా దాని ముందే పోస్తుంది. నాలుగోది చిన్న పందికొక్కు. తడి నేల, వరి మడి, కాలువ గట్టు దాని స్థావరాలు. ఊళ్లలో ఇళ్ల పునాదులు తొలిచే పెద్ద పందికొక్కు దీనికి దగ్గరి చుట్టం. ఆదిలాబాద్ అడవుల్లో తిరిగే ముళ్లపంది పేరుకు పందే అయినా మూషిక వర్గానికి చెందిన జంతువే, అదీ బొరియలోనే ఉంటుంది.

ఈ ప్రాంతం ఎడారి కాదు. ఆదిలాబాద్‌లో ఏటా సగటున వెయ్యి మిల్లీమీటర్లకు మించి వాన పడుతుంది, కరీంనగర్‌లో కాస్త తక్కువ. అయితే ఏడాది వానంతా దాదాపు నాలుగు నెలల్లోనే కురిసి, మిగతా కాలమంతా నేల ఎండిపోతుంది. ఎండాకాలపు ఎర్ర చెల్క నేలలో పగటి వేడి, తిండి కొరత ఎడారి పరిస్థితికి దగ్గరగా ఉంటాయి. జెర్బిల్ ఇక్కడ స్థిరపడటానికి కారణం అదే. దాని బంధువర్గం చాలావరకు ఆఫ్రికా, ఆసియా ఎడారుల్లోనే ఉంది. ఈ జాతి పశ్చిమాసియా నుంచి ఇరాన్, పాకిస్తాన్, థార్ మీదుగా దక్కన్ దాటి శ్రీలంక దాకా వ్యాపించింది. పగలంతా లోతైన బొరియలో చల్లదనం చాటున పడుకొని, పొద్దుగూకాక బయటికి వచ్చి గింజలు, గడ్డి వేళ్లు, పురుగులు తినే ఎడారి అలవాటును తెలంగాణ మెట్టలోనూ కొనసాగిస్తోంది.

తవ్వడం వల్ల నేలకు జరిగేది

ఎలుక బొరియ తవ్వినప్పుడు అడుగు మట్టి పైకి వస్తుంది. పై మట్టిలో వానకు కొట్టుకుపోయిన ఖనిజాలు, సున్నపు కంకర అడుగు మట్టితో పాటు మళ్లీ ఉపరితలానికి చేరతాయి. బొరియ గుండా గాలి, వాననీరు లోతుకు దిగుతాయి. లోపల ఎలుక దాచుకున్న గింజలు, గూటికి పరిచిన గడ్డి, మలమూత్రాలు కుళ్లి నత్రజనిని అందించి చుట్టుపక్కల మట్టిని బలపరుస్తాయి. పాడుబడ్డ బొరియ కూలిన చోట మట్టి గుల్లగా మారుతుంది, అక్కడ వాననీరు నిలిచి గింజలు మొలకెత్తుతాయి. ఎలుక దాచి మరిచిపోయిన గింజలు కొన్ని అక్కడే మొక్కలవుతాయి.

మరోవైపు ఎలుక ఏ గింజ దొరికితే ఆ గింజ తినదు. పెద్ద గింజను, పోషకం ఎక్కువ ఉన్న గింజను ఏరుకొని తింటుంది. దాంతో ఏ మొక్క సంతతి పెరగాలో, ఏది తగ్గాలో కొంతవరకు ఎలుకే నిర్ణయిస్తుంది. గరిక, తుంగ వంటి కలుపులను వేళ్లతో, గడ్డలతో సహా తవ్వి తింటుంది. కొత్తగా తోడిన మట్టి కుప్పల మీద నిలకడైన గడ్డికి బదులు ఒక్క వానకే మొలిచి ఒక్క కాలంలో ముగిసిపోయే మొక్కలు ముందుగా వస్తాయి.

ఈ ప్రభావం ఎంత బలమైనదో ప్రపంచానికి చూపిన ప్రయోగం అమెరికాలోని అరిజోనా ఎడారిలో జరిగింది. పోర్టల్ అనే ఊరి దగ్గర జేమ్స్ బ్రౌన్ బృందం 1977లో కొన్ని మళ్లకు కంచె వేసి, అందులోకి కంగారూ ఎలుకలు రాకుండా ఆపింది. పన్నెండేళ్ల పరిశీలన తర్వాత, 1990లో ప్రకటించిన ఫలితాల ప్రకారం కంగారూ ఎలుకలు లేని మళ్లలో పొడవాటి గడ్డి దట్టంగా పెరిగింది. పొదలతో నిండిన ఎడారి క్రమంగా గడ్డి మైదానంగా మారసాగింది. గింజలు తినే జంతువును, మట్టి తోడే జంతువును తప్పిస్తే భూమి రూపే మారిపోతుందని ఆ ప్రయోగం తేల్చింది.

ముళ్లపంది మీద జరిగిన పరిశీలన తెలంగాణకు ఇంకా దగ్గరిది. ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో యిట్జాక్ గుటర్‌మాన్ 1980 దశకంలో పరిశీలించినది ఆదిలాబాద్ అడవుల్లో తిరిగే జాతినే. గడ్డల కోసం అది తవ్విన గుంతల్లో వాననీరు, గాలికి కొట్టుకొచ్చిన ఆకు, గింజలు చేరుతాయి. ఆ గుంతల్లో చుట్టుపక్కల నేల కంటే ఎక్కువ మొక్కలు మొలుస్తాయి. రాజస్థాన్‌లోని థార్‌లో జెర్బిల్ జాతుల మీద జోధ్‌పూర్‌లోని కేంద్ర శుష్క ప్రాంత పరిశోధన సంస్థ దశాబ్దాలుగా పరిశోధన చేసింది. ఈశ్వర్ ప్రకాశ్ వంటి శాస్త్రవేత్తలు దేశంలో మూషిక శాస్త్రానికి అక్కడే పునాది వేశారు. 1977లో మొదలైన ఎలుకల నివారణ అఖిల భారత సమన్వయ పరిశోధన పథకానికి కేంద్రంగా నిలిచింది కూడా అదే.

రేగడి, చెల్క

బొరియ ఎంతకాలం నిలుస్తుందన్నది నేలను బట్టి ఉంటుంది. ఆదిలాబాద్ పశ్చిమ భాగంలోని నల్లరేగడి దక్కన్ లావా రాయి అరిగి ఏర్పడినది. ఆ రాయి పుట్టి దాదాపు 6.6 కోట్ల ఏళ్లయింది. రేగడిలోని బంకమట్టి నీరు తాగితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. ఎండాకాలంలో చెయ్యి దూరేంత వెడల్పుగా, మీటరు లోతు దాకా నెర్రెలు విచ్చుకుంటాయి. పై మట్టి ఆ నెర్రెల్లోకి రాలిపడి, వానలకు నేల ఉబ్బినప్పుడు అడుగు మట్టితో కలిసిపోతుంది. అందువల్ల రేగడి తనను తాను దున్నుకుంటుందని రైతులు అంటారు. ఇలాంటి నేలలో ఎలుకకు తవ్వే శ్రమ తక్కువ, ఎండాకాలమంతా నెర్రెలే ఇళ్లు. తొలకరి పడగానే ఆ ఇళ్లు మూసుకుపోతాయి, లోపల ఉన్నవి ఎన్నో చస్తాయి.

కరీంనగర్‌లో ఎక్కువగా కనిపించే ఎర్ర చెల్క, ఇసుక దుబ్బ నేలలు గ్రానైటు రాళ్లు అరిగి ఏర్పడినవి. వీటిలో బంకమట్టి తక్కువ. కొద్దిపాటి వానకే పైన పొర కట్టి గట్టిపడతాయి, నీరు ఇంకకుండా జారిపోతుంది. ఇలాంటి నేలలో జెర్బిల్ బొరియ ఏళ్ల తరబడి నిలుస్తుంది. పొర కట్టిన నేలలో నీరు దిగడానికి, గింజ నిలవడానికి అది దారి చేస్తుంది. బీడుగా వదిలిన చెల్కలో ఎలుక తవ్విన చోట గడ్డి ముందుగా పచ్చబడటానికి కారణం ఇదే.

చెరువు కట్ట, పాతర

గోదావరి, మానేరు లోయల్లో స్థిర వ్యవసాయం రెండు వేల ఏళ్లకు పైబడినది. కోటిలింగాల, ధూళికట్ట, పెద్దబంకూరు తవ్వకాల్లో శాతవాహన కాలపు ఊళ్లు బయటపడ్డాయి. పురావస్తు తవ్వకాల్లో ఎలుక బొరియలు పెద్ద చిక్కు. పై పొరలోని పెంకు బొరియలో జారి అడుగు పొరకు, అడుగు పొరలోని పూస పైకి చేరితే కాలనిర్ణయం తప్పుతుంది. అందుకే తవ్వేవాళ్లు మట్టి రంగు తేడాను బట్టి పాత బొరియల జాడ ముందుగా గుర్తించి, అందులో దొరికిన వస్తువులను వేరుగా పెడతారు.

కాకతీయుల కాలంలో, ఆ తర్వాత సామంతుల, దేశముఖుల కాలంలో తెలంగాణ అంతటా చెరువులు వెలిశాయి. మట్టి కట్ట పోసి, వాగు నీటిని నిలిపి, తూము ద్వారా ఆయకట్టుకు వదిలే ఏర్పాటు అది. వరి మడి, మడి చుట్టూ గట్టు, పైన చెరువు కట్ట కలిసి పందికొక్కుకు కావలసినవన్నీ సమకూర్చాయి. బొరియకు తడి మట్టి, వరి కంకి తిండి, మునిగిపోకుండా ఎత్తైన గట్టు ఒకే చోట దొరికాయి. మెట్టలో నేలకు మేలు చేసిన బొరియే చెరువు కట్టలో ఊరికి ముప్పయింది. కట్ట లోపలి వాలు నుంచి బయటి వాలు దాకా బొరియ సాగితే నీరు దాని గుండా కారడం మొదలవుతుంది. కారే నీరు మట్టిని కోసుకుపోయి బుంగ అవుతుంది, బుంగ పెరిగి గండి పడుతుంది.

ఈ ముప్పును కాచుకునే పని నీరడిది. తూము తెరవడం, మూయడం, మళ్లకు వంతుల ప్రకారం నీళ్లు వదలడంతో పాటు కట్ట మీద తిరిగి కారుడు ఎక్కడుందో చూడటం ఆయన బాధ్యత. ఇందుకు ప్రతిఫలంగా ఆయనకు ఇనాం భూమి గానీ, పంట చేతికి వచ్చాక కల్లంలో ధాన్యం గానీ దక్కేది. వానాకాలంలో చెరువు నిండిన రాత్రి నీరడి కట్ట మీదే ఉండేవాడు. బయటి వాలులో చెమ్మ కనిపిస్తే, కారే నీరు తేటగా ఉందా బురదగా ఉందా అని చూసేవాడు. తేట నీరు మామూలు ఊట, బురద నీరు కట్ట లోపల కోతకు గుర్తు. బురద కనబడితే ఊరిని లేపేవారు. లోపలి వైపు నుంచి గడ్డి, బంకమట్టి కలిపి బొరియ నోరు మూసి తొక్కేవారు.

ధాన్యం దాచే పద్ధతులను కూడా ఎలుకల భయమే నిర్ణయించింది. వడ్లను వెదురుతో అల్లి, పేడ, మట్టి మెత్తిన గుమ్ముల్లో పోసేవారు. గుమ్మిని నేలకు ఆనకుండా రాళ్ల మీద ఎత్తుగా నిలిపేవారు. జొన్నలను నేలలో తవ్విన పాతరలో దాచేవారు. గట్టి మొరం నేలలో బావిలా లోతుగా తవ్వి, చుట్టూ ఎండుగడ్డి పేర్చి, జొన్నలు నింపి, పైన గడ్డి కప్పి మట్టితో మూసేవారు. గాలి అందని పాతరలో పురుగు బతకదు, గట్టి మొరంలోకి పందికొక్కు సులువుగా తొలచలేదు. కరువు కాలానికి దాచిన జొన్న ఇలాగే నిలిచేది.

కరువు వెనుక ఎలుకల దండు

దక్కన్ నల్లరేగడిలో ఎలుకల గురించిన తొలి వివరమైన రాతల్లో ఒకటి బ్రిటిష్ అధికారి వాల్టర్ ఎలియట్‌ది. తర్వాత 1845లో అమరావతి స్తూపం శిల్పాలు తవ్వించిన అధికారి కూడా ఈయనే. ఉద్యోగ జీవితం మొదట్లో ధార్వాడ్ ప్రాంతంలో పని చేస్తూ అక్కడి జంతువుల జాబితా తయారు చేసి 1839లో ప్రచురించాడు. అది ఆదిలాబాద్‌కు దూరమైనా నేల అదే రేగడి, పంట అదే జొన్న.

1826లో ఆ ప్రాంతంలో వానాకాలం మొదట్లో వాన సరిగ్గా పడలేదు. వాన పడి ఉంటే నెర్రెలు మూసుకుపోయి మెత్తబొచ్చు ఎలుకలు వేలల్లో చచ్చేవి. వాన లేకపోవడంతో అన్నీ బతికి పిల్లలు పెట్టాయి. విత్తిన గింజను మొలవకముందే తినేశాయి, పంట ఎదిగాక జొన్న కర్రలెక్కి కంకులు కొరికి కింద పడేశాయి. చేలకు చేలు పాడై రైతులు శిస్తు కట్టలేని స్థితికి వచ్చారని ఎలియట్ రాశాడు. ఇన్ని డజన్ల ఎలుకలకు ఇంత ధాన్యమని లెక్క కట్టి రైతులు తవ్వకం పని చేసే వడ్డెరలను పిలిపించారు. వాళ్లు వేలల్లో చంపినా ఎలుకలు తగ్గిన జాడ కనిపించలేదు.

అర్ధ శతాబ్దం తర్వాత అదే మళ్లీ జరిగింది. 1876-78 మహా కరువు దక్షిణ భారతాన్ని, నిజాం రాజ్యాన్ని పీడించింది. దాని వెనుకే 1878-79లో దక్కన్, దక్షిణ మరాఠా జిల్లాల్లో ఎలుకల దండు పంటల మీద పడింది. ఈసారి మెత్తబొచ్చు ఎలుకతో పాటు జెర్బిల్ కూడా పెద్ద సంఖ్యలో కనిపించింది. కరువులో బొరియలు నీట మునగవు, పొలాలు బీడు పడి తవ్వేందుకు చోటు పెరుగుతుంది. ఆ మరుసటి ఏడు మంచి వాన పడి తిండి దొరకగానే బతికిన ఎలుకలు ఒక్కసారిగా పెరుగుతాయి. నెలకు లోపే గర్భం ముగిసి, ఒక్కో ఈతకు సుమారు అర డజను పిల్లలు పెట్టే జంతువుకు ఒక్క కాలం చాలు.

ఎలుకలు పట్టేవాళ్లు

బావులు, చెరువులు తవ్వడం, రాయి కొట్టడం వడ్డెరల వృత్తి. బుట్టలల్లడం, పందుల పెంపకం ఎరుకల వాళ్ల వృత్తి. పొలాల్లో ఎలుకలు పట్టడం ఈ రెండు సమాజాల్లో చాలా కుటుంబాలకు ఉప వృత్తిగా ఉండేది. రైతుకు పంట దక్కేది, పట్టినవాళ్లకు కూలిగా ధాన్యం, తినడానికి మాంసం, బొరియలో దొరికిన గింజ దక్కేవి. వరి తిని పెరిగిన పొలం ఎలుక మాంసాన్ని ఊళ్లలో తిరిగే ఎలుకతో ఎవరూ పోల్చేవారు కారు.

పట్టే పద్ధతిలో మొదటి పని బొరియను చదవడం. జెర్బిల్ బొరియకు నోళ్లు ఎక్కువ, అవి తెరిచే ఉంటాయి. పందికొక్కు బొరియ నోరు లోపలి నుంచి మట్టితో మూసి ఉంటుంది, ముందు తాజా తడి మట్టి కుప్ప పడి ఉంటుంది. కుప్ప తడిగా ఉంటే ఎలుక లోపల ఉన్నట్టు, ఎండి గీతలు పడితే పాడుబడినట్టు. కాస్త దూరంలో నేల పైపొర కింద వేలెడు మందం మట్టి మాత్రమే మిగిల్చి, ప్రమాదంలో పొడుచుకొని పారిపోవడానికి అది మరో దారి సిద్ధం చేసి ఉంచుతుంది. పట్టేవాడు కాలి మడమతో నేల తొక్కి, గుల్లగా మోగిన చోటే ఆ దారి ఉందని గుర్తిస్తాడు. ముందుగా ఆ దారులన్నీ మూసేస్తారు. అడుగున చిల్లు పెట్టిన మట్టికుండలో ఎండుగడ్డి నింపి, అంటించి, కుండ మూతిని బొరియకు ఆనించి చిల్లులోంచి ఊదుతారు. పొగ లోపలికి పోయాక గడ్డపారతో దారి వెంబడి తవ్వుతారు.

తవ్వితే బొరియ నిర్మాణం తేటతెల్లమవుతుంది. గట్టు లోపల వంకర తిరిగిన సొరంగం, పక్కకు చీలిన అరలు ఉంటాయి. ఒక అరలో చీల్చిన ఎండు ఆకుతో పిల్లల గూడు, మరో అరలో కాడతో కొరికి తెచ్చి పేర్చిన వరి కంకులు కనబడతాయి. పందికొక్కు ఒంటరి జీవి, ఒక బొరియలో సాధారణంగా పెద్దది ఒక్కటే ఉంటుంది. ఆ ఒక్కటే కోత ముందు రోజుల్లో కిలోల కొద్దీ కంకులు పోగేస్తుంది. కోతలయ్యాక పేద కూలీలు పరిగె ఏరుకోవడంతో పాటు ఈ బొరియలు తవ్వి ధాన్యం తీసుకునేవారు. తవ్విన గట్టును తిరిగి పూడ్చి తొక్కడం అలిఖిత నియమం. అది పాటించని చోట మరుసటి కారుకు గట్టు తెగేది.

కాలువ తెచ్చిన మార్పు

ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో ఉత్తర తెలంగాణ నీటి పటం మారింది. పోచంపాడు వద్ద గోదావరిపై శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు 1963 జూలై 26న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. అక్కడి నుంచి బయలుదేరే 284 కిలోమీటర్ల కాకతీయ కాలువ కరీంనగర్ గుండా వరంగల్ వైపు సాగింది. కరీంనగర్ పట్టణం పక్కనే మానేరుపై దిగువ మానేరు ఆనకట్టను 1974-85 మధ్య కట్టారు. చెరువు కింద వానాకాలంలో ఒక్క పంట పండే చోట యాసంగి వరి కూడా వచ్చింది. జొన్న, ఆముదం వేసే చెల్కలు మడులయ్యాయి.

నీరు వచ్చిన చోట ఎలుకల జాతి కూడా మారుతుంది. రాజస్థాన్‌లో ఇందిరా గాంధీ కాలువ పారిన ప్రాంతాల్లో ఎడారి జెర్బిల్‌లు వెనక్కి తగ్గి, తడి నేలను ఇష్టపడే పందికొక్కు, మెత్తబొచ్చు ఎలుక ముందుకు వచ్చాయని శాస్త్రవేత్తలు గమనించారు. కాలువ ఆయకట్టుల్లో జరిగేది ఇదే. తెలుగు రాష్ట్రాల వరి పొలాల్లో ఇప్పుడు ప్రధాన శత్రువు చిన్న పందికొక్కే. మెట్టలో ఎలుకలకు వానల తర్వాత కొన్ని నెలలే తిండి కాలం, ఎండాకాలం ఆకలి కాలం. రెండు కార్ల వరిలో ఆకలి కాలమే లేదు. వానాకాలం కోత ముగిసే సరికి యాసంగి నారు సిద్ధం, అది కోసే సరికి మళ్లీ నారుమళ్లు. గట్టు ఏడాదంతా తడిగా, మెత్తగా ఉంటుంది.

పందికొక్కు వరికి అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది పొట్ట దశలో. నేలకు కొద్ది ఎత్తులో పిలకను ఏటవాలుగా, కత్తితో కోసినట్టు కొరికేస్తుంది. కొరికిన పిలకల్లో తినేది కొద్దిగానే, మిగతాదంతా వృథా. పొట్ట దశలో తెగిన దుబ్బుకు మళ్లీ పిలక వేసి కంకి తీసే వ్యవధి ఉండదు. నష్టం మడి అంచుల్లో కంటే నడిమధ్యలో ఎక్కువగా ఉండటం వల్ల గట్టు మీద నిలబడిన రైతుకు అది ఆలస్యంగా కనిపిస్తుంది.

మందు వచ్చాక

కుండ పొగ స్థానంలో రసాయనాలు వచ్చాయి. మొదట జింక్ ఫాస్ఫైడ్ వాడారు. అది వెంటనే చంపుతుంది, తిని బతికిన ఎలుక మళ్లీ ఆ ఎర ముట్టదు. అందువల్ల మందు పెట్టే ముందు రెండు రోజులు మందు లేని నూకలే పెట్టి అలవాటు చేయాలి. తర్వాత బ్రోమాడియోలోన్ వచ్చింది. 96 పాళ్ల నూకలు, 2 పాళ్ల నూనె, 2 పాళ్ల మందు కలిపి పొట్లాలు కట్టి, తాజా మట్టి ఉన్న బొరియల్లో వేస్తారు. ఇది రక్తం గడ్డ కట్టకుండా చేసి కొన్ని రోజుల్లో చంపుతుంది. చావు ఆలస్యం కావడంతో మిగతా ఎలుకలకు అనుమానం రాదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ ఎలుకల నివారణలో శిక్షణ ఇస్తోంది. 1966లో మొక్కల రక్షణ శిక్షణ సంస్థగా మొదలై 2008లో అది ఇప్పటి పేరు పొందింది.

మందుతో రెండు చిక్కులున్నాయి. ఒక రైతు ఒక్కడే తన మడిలో పెడితే పక్క మడి ఎలుకలు వారాల్లోనే ఖాళీ బొరియలు ఆక్రమిస్తాయి. మందు తిన్న ఎలుకను తిన్న గుడ్లగూబ, పాము, పిల్లి కూడా విషానికి లోనవుతాయి. గుడ్లగూబ, జెర్రిపోతు, ముంగిస, నక్క ఎలుకలకు సహజ శత్రువులు. వాటిని పోగొట్టుకున్న పొలంలో ఎలుకలు తిరిగి పెరిగేటప్పుడు అడ్డుండదు. జెర్రిపోతు చాలాసార్లు ఎలుక బొరియలోనే కాపురం పెడుతుంది. పాడుబడ్డ బొరియలు కప్పలకు, తొండలకు, తేళ్లకు కూడా ఆశ్రయం. బొరియ ఒక్కటి కనిపిస్తే దానిపై ఆధారపడి బతికే జీవులు ఎన్నో ఉంటాయి.

చెరువుల పునరుద్ధరణకు 2015లో మొదలైన మిషన్ కాకతీయలో తెలంగాణలోని 46 వేలకు పైగా చెరువులను లెక్కించారు. పూడిక తీయడం, కట్టల మీద తుమ్మ, సర్కారు తుమ్మ పొదలు కొట్టడం, కట్ట ఎత్తు పెంచి తొక్కించడం అందులో భాగం. పొదలు తొలగిస్తే పందికొక్కుకు మరుగు పోతుంది, నీరడి చేసిన కాపలా పనిలో కొంత సులువవుతుంది. నీరడి వృత్తి చాలా ఊళ్లలో పోయింది కనుక ఆ చూపు ఇప్పుడు ఆయకట్టు రైతులదే.

ఇప్పటి లెక్క

2016 అక్టోబరు 11న ఆదిలాబాద్ నాలుగు జిల్లాలుగా చీలింది. కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల వేరయ్యాయి. పంట ప్రకారం చూస్తే ఈ ప్రాంతాన్ని రెండుగా చూడవచ్చు. ఆదిలాబాద్, కుమ్రం భీం ఆసిఫాబాద్‌లలో పత్తి, సోయా, కంది, జొన్న సాగయ్యే రేగడి ఒకటి. కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లిలో వరి, మక్కజొన్న, పసుపు పండే కాలువ ఆయకట్టు రెండోది. మొదటి దాంట్లో ఎలుకల సంఖ్యను వాన, నెర్రెలు నియంత్రిస్తాయి. తొలి వానలు తప్పిన ఏడు, కరువు తర్వాతి మంచి ఏడు మాత్రం జాగ్రత్తగా ఉండాలి, 1826, 1878-79 పాఠం అదే. గింజ విత్తిన మొదటి వారం, కంకి పాలు పోసుకునే వారం కాపలా అవసరం. కవ్వాల్ పులుల రక్షిత ప్రాంతం చుట్టూ ఉన్న అడవుల్లో ముళ్లపంది తవ్విన గుంత నేలకు మేలే చేస్తుంది, చేనులోకి వచ్చి గడ్డలు తవ్వినప్పుడే అది సమస్య.

రెండో దాంట్లో ఎలుకల సంఖ్యను గట్టు నియంత్రిస్తుంది. వెడల్పైన, పొద పెరిగిన గట్టు పందికొక్కుకు ఇల్లు. సన్నగా, ఎత్తు తక్కువగా, గడ్డి కోసి ఉంచిన గట్టులో అది బొరియ నిలుపుకోలేదు. నాట్లు వేసే ముందే ఊరంతా ఒకే వారంలో గట్లు చెక్కి, బొరియలు పొగ పెట్టి తవ్వి, తవ్విన చోట తొక్కితే పొట్ట దశకు ఎలుక సంఖ్య తక్కువగా ఉంటుంది. పొట్ట దశకు చేరాక మొదలుపెట్టిన నివారణ ఖర్చును పెంచుతుందే తప్ప పోయిన పిలకను తిరిగి తేదు.

ఎలుక అన్ని చోట్లా చీడ కాదు, అన్ని చోట్లా మేలు చేసేదీ కాదు. అదే బొరియ ఎండు చెల్కలో నీటిని నేలలోకి దింపుతుంది, తడి గట్టులో నీటిని పొలం దాటిస్తుంది. ఉత్తర తెలంగాణ రైతు ముందున్న పని బీడు భూమిలోని బొరియలను వదిలేసి, చెరువు కట్ట, కాలువ గట్టు, మడి ఒడ్డు మీద ఉన్నవాటిని ఊరంతా కలిసి, ఒకే వారంలో పూడ్చడం.